నొప్పికి రెండు దమ్ములు

అక్కుపల్లి,
ఆగస్టు, వరలక్ష్మీ వ్రతం వెళ్ళిన సోమవారం.

చెల్లి మోహినికి,

మీ అప్ప చిన్నమ్మి రాసేది. ఏడో తరగతితో ఆగిపోయిన చేతిరాత. కోడి కెలికినట్టు ఉందని నువ్వు నవ్వుకో, ఫరవాలేదు. మీ దంతాల క్లినిక్కులో మాత్రం ఎవరికీ చూపించకు.

మా ప్రవల్లిక నోటినిండా ఇనుము బిగించుకుని క్షేమంగా ఇల్లు చేరింది. ఆటో దిగగానే వీధిలో పిల్లలందరూ వెంటపడ్డారు. పక్కింటి సూరమ్మ ముసలిది దాని గడ్డం పట్టుకుని నోట్లోకి తొంగిచూసి, "ఏటే గుంటా, పళ్ళకి కంచె కట్టించీసినావు? ఆవులు దూరిపోతన్నాయేటి?" అంది. వీధంతా ఒకటే నవ్వు. ఇదివరకైతే ప్రవల్లిక ఏడుస్తూ లోపలికి పోయేది. ఈసారి నిలబడి, "రెండేళ్ళు ఆగు మామ్మా, అప్పుడు సూత్తావులే నా పళ్ళు" అని సమాధానం చెప్పింది.

నీకు తెలుసు కదా, ఆ ఎత్తుపళ్ళు దానికి వాళ్ళ నాన్నమ్మ పోలిక. ఇంటరు చదివే పిల్ల, ఎవరైనా ఫోటో తీస్తే పెదాలు బిగబట్టుకుంటుంది, నవ్వొస్తే చున్నీ నోట్లో కుక్కుకుంటుంది. అది చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వితే చూడాలి చెల్లీ. నాకు ఇంకో కోరిక లేదు.

నేను రాలేదని నువ్వు అలిగావని మీ బావ చెప్పాడు. ఎలా వస్తానే? మీ బావ గుజరాత్‌లో వేరావల్ బోట్లకి వెళ్ళిపోయే తొందర, ఒడ్డున ఆరబెట్టిన చేప, పైన మబ్బు. అందుకే కూతుర్ని తీసుకెళ్ళమని ఆయన్నే పంపాను. నిన్న ఆయన కూడా రైలెక్కేశాడు. మళ్ళీ వేట నిషేధం రోజులకి గానీ రాడు.

ఇంకో మాట. ఇకనుంచి నాకు ఫోను చెయ్యకు. ఒడ్డుమీద గాలికి ఏమీ వినబడదు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పిల్ల చదువుకే చాలడం లేదు. నెలకో ఆదివారం అది తీగ బిగించుకోవడానికి నీ దగ్గరికి వస్తుంది కదా, దాని చేతికే ఉత్తరం ఇస్తాను. నువ్వూ అలాగే ఇవ్వు. మెతుకులు పెట్టి అంటిస్తాను. విప్పి చదివే పిల్ల కాదులే.

మీ అప్ప
చిన్నమ్మి


టెక్కలి,
సెప్టెంబరు, ఆదివారం.

అప్పకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత కోపం వచ్చింది. ఆషాఢంలో నిన్ను చూసినదాన్ని, ఇప్పటిదాకా మొహం చూపించలేదు. ఇప్పుడు గొంతు కూడా వినిపించనంటావా? మంచం పట్టిన అత్తగారు లేకపోతే ఈపాటికి మీ గుమ్మంలో ఉందును.

సరే, ముందు పిల్ల సంగతి. పళ్ళు లోపలికి జరగడానికి చోటు కావాలని నాలుగు పక్కపళ్ళు తీశారు, అది నీకు చెప్పే ఉంటుంది. విశాఖ నుంచి వచ్చే క్లిప్పుల డాక్టరు గారు నెలనెలా తీగ బిగిస్తారు. బిగించిన రెండు మూడు రోజులు దవడంతా నొప్పి ఉంటుంది. గంజి, మెత్తటి అన్నం పెట్టు. జీడిపప్పు కొరకనివ్వకు, మీ ఇంట్లో చేతికందే దూరంలో ఉంటుందని నాకు తెలుసు. ఎండుచేప ముల్లు క్లిప్పులో ఇరుక్కుంటే చిన్న బ్రష్షుతో తియ్యాలి. ఆ బ్రష్షూ, నోట్లోకి చూసుకునే పుల్ల అద్దమూ దానికిచ్చాను. ఏం తిన్నా వెంటనే తోముకోవాలి. లేకపోతే రెండేళ్ళ తర్వాత పళ్ళు వరసగా ఉంటాయి గానీ పుచ్చి ఉంటాయి.

నొప్పి బిళ్ళలు మాత్రం దుకాణంలో కొని ఇవ్వకు. మన ఉద్దానం పిల్ల. కిడ్నీల సంగతి నీకు నేను చెప్పాలా? మీ వీధిలోనే ఎంతమంది డయాలసిస్‌కి పలాస తిరుగుతున్నారో లెక్కపెట్టుకో. అంతగా ఓర్చుకోలేకపోతే మాకు ఫోను చెయ్యండి, డాక్టరమ్మ చెబుతుంది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇక నీ సంగతి. మా వసుంధర డాక్టరమ్మ పిల్ల నోరు చూస్తూ, "మీది అక్కుపల్లి వైపు కదా, మీ ఇంట్లో ఎవరైనా అడ్డపొగ తాగుతారా?" అని అడిగింది. "మా అమ్మ తాగుద్ది" అని పిల్ల చెప్పింది. నిప్పున్న కొస నోట్లోపల పెట్టుకుని చుట్ట తాగడమనేది ఆవిడ చదువుకునే రోజుల్లో పుస్తకంలో ఫోటోగా చూసిందట. "మీ అక్కను ఒక్కసారి తీసుకురా, అంగిలి చూస్తాను" అంది.

అప్పా, అమ్మకి కూడా అంగిట్లోనే మొదలైంది. నిజం చెప్పు, నీకు పుండు గానీ, మంట గానీ ఏమైనా ఉందా?

నీ
మోహిని


అక్కుపల్లి,
అక్టోబరు.

చెల్లీ,

మీ డాక్టరమ్మకి వేరే పని లేదా? ఒక్క నోరు ఇచ్చాం, చాలదూ? ఇంటిల్లిపాదీ వచ్చి వరసలో నిలబడి నోళ్ళు తెరవాలేమిటి?

నాకేమీ లేదు. కొంచెం పడిశం, అది కూడా ఒడ్డు గాలి వల్ల. కారం తగ్గించాను, వయసొస్తోంది కదా. అడ్డపొగ ఈరోజు మొదలుపెట్టింది కాదు. ప్రవల్లిక కడుపులో ఉన్నప్పుడు నాకు దవడపన్ను పోటు వస్తే, అమ్మే కదా చుట్ట తిప్పి నోట్లో పెట్టింది? "రెండు దమ్ములు లాగే, పోటు సచ్చిపోద్ది" అంది. నిజంగానే చచ్చిపోయింది. ఆ రోజునుంచి అదే నాకు డాక్టరు. మామూలుగా ముట్టించి ఒడ్డుమీద నిలబడి చూడు, గాలికి నాలుగు అగ్గిపుల్లలు పోతాయి తప్ప చుట్ట అంటుకోదు. నిప్పు నోట్లో ఉంటే గాలికి ఆరదు, తలమీద గంప ఉన్నా చెయ్యి అడ్డం పెట్టక్కర్లేదు. మన ఆడవాళ్ళు సరదాకి నేర్చుకున్నారా?

అమ్మ సంగతి ఎత్తావు కాబట్టి నేనూ ఎత్తుతాను. అమ్మ నోట్లో ఇనుము పెట్టకముందు లేచి తిరిగింది. విశాఖలో పరీక్షకని ముక్క కోశారు, ఆ తర్వాత ఎన్నాళ్ళుంది? పుండుకి ఇనుము తగిలితే పాకుతుందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇంకోసారి నా నోటి ఊసెత్తకు.

పిల్ల బాగానే ఉంది. తీగ బిగించిన రోజు మాత్రం దవడ పట్టుకుని గోడకి తల కొట్టుకుంది, చూడలేకపోయాను. నువ్వు వద్దన్నావు కాబట్టి బిళ్ళ ఒక్కటి కూడా ఇవ్వలేదు, ఒట్టు. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. ఇంకేదో నాకు తెలిసిన మందు కొంచెం వేశాను. నిమిషంలో కుదురుకుని పడుకుంది.

పక్కపళ్ళు తీసిన చోట సందులు అప్పుడే చిన్నవవుతున్నాయని రోజూ పుల్ల అద్దం పట్టుకుని నాకు చూపిస్తుంది. నాకేమీ తేడా కనబడదు. "అవునే, అవునే" అంటాను.

చిన్నమ్మి


టెక్కలి,
నవంబరు.

అప్పా,

నీకు తెలిసిన మందేమిటి? పసరా? లవంగనూనె అయితే సరే. నాటు బిళ్ళలైతే మాత్రం నీకూ నాకూ మాటలుండవు. ఈ ఆదివారం పిల్లని అడిగితే, "ఏటీ నేదు పిన్నీ" అని నేల చూసింది. పిల్ల ఒళ్ళు చేసింది గానీ చలాకీతనం తగ్గింది. క్లిప్పుల దగ్గర పళ్ళు గోధుమరంగు తేలుతున్నాయి, తోముకోవడం లేదని క్లిప్పుల డాక్టరు గారు కసిరారు. "రోజూ తోముతున్నాను సార్" అని ఏడ్చింది. తోముతోందా లేదా నువ్వే దగ్గరుండి చూడు.

మీ అమ్మ ఎలా ఉందే అంటే, "తక్కువ మాటాడతాది, అందరం తిన్నాక ఒక్కర్తీ తింటాది" అంది. అమ్మ కూడా చివరి ఏడాది అలాగే తినేది అప్పా.

మోహిని


టెక్కలి,
డిసెంబరు, సోమవారం. ఇది పోస్టులో వేస్తున్నాను, పిల్ల చేతికి ఇవ్వను.

చిన్నమ్మికి,

నిన్న వసుంధర డాక్టరమ్మ ప్రవల్లిక నోరు పూర్తిగా తెరిపించి లైటు వేసి చూసింది. చూసి నన్ను పిలిచింది. అంగిలి తెల్లగా గరుకుగా అయిపోయింది, మధ్యలో ఎర్రెర్రని చుక్కలు. క్లిప్పులకు పట్టింది తిండి మరక కాదు, పొగాకు తారు. పదిహేడేళ్ళ పిల్ల నోట్లో!

గట్టిగా అడిగితే చెప్పింది. "నొప్పెడితే అమ్మే రెండు దమ్ములు ఇచ్చింది పిన్నీ. బిళ్ళయితే కిడ్నీ పోద్దన్నావట గదా. ఇప్పుడు నొప్పి నేకపోయినా తాగాలనిపిత్తంది."

నీకు అసలు బుద్ధుందా? బిళ్ళ వద్దంటే నిప్పు పెడతావా కన్నకూతురి నోట్లో? పళ్ళు బాగుపడాలని పంపి, నోరే కాల్చేస్తావా? ఇప్పటికిప్పుడు మానేస్తే ఆ చుక్కలు పోతాయట. మానకపోతే అది ఎటు పోతుందో అమ్మ నోరు చూసినవాళ్ళం మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

వచ్చే వారం మంగళవారం అత్తగారి దగ్గర ఆడపడుచును కూర్చోబెట్టి వస్తున్నాను. ఇంట్లో ఉండు.

మోహిని


అక్కుపల్లి,
జనవరి.

చెల్లీ,

నువ్వు వచ్చి వెళ్ళాక ఈ ఉత్తరం రాయడానికి చాలాసార్లు కూర్చుని లేచాను. నువ్వు చెప్పకుండా వచ్చి ఉంటే తిట్టేదాన్ని. చెప్పే వచ్చావు, నేనే పారిపోలేకపోయాను. గుమ్మంలోంచి "అప్పా" అని పిలిచావు. నోట్లో గుడ్డపీలిక సరిచేసుకునే లోపల, అలవాటుకొద్దీ "ఏటే" అనేశాను. ఆ ఒక్కమాట ముక్కులోంచి వచ్చింది. తిట్టడానికి వచ్చినదానివి తిట్టలేదు, గుమ్మంలోనే కూలబడిపోయావు.

అవును, అందుకే ఫోను వద్దన్నాను. గొంతు వింటే నువ్వు పట్టేస్తావు. అంగిట్లో పుండు పోయిన ఏడాది వచ్చింది. మీ బావ వెళ్ళే నాటికి చిల్లు పడింది. గంజి తాగితే ముక్కులోంచి వస్తోంది. పాత చీర చింపి ఉండగా చుట్టి ఆ చిల్లులో కుక్కుకుంటే మాట కొంచెం మాటలాగే వస్తుంది. ఊళ్ళోవాళ్ళు పడిశం అనుకుంటున్నారు. పిల్ల కూడా అంతే అనుకుంటోంది.

ఎందుకు దాచావని నువ్వు అడగలేదు, ఏడ్చావు. అడగకపోయినా చెబుతాను. నేను ఆసుపత్రికి పోతే మీ బావ బోటు వదిలి వచ్చేస్తాడు. ప్రవల్లిక చదువు మానేసి నా మంచం పక్కన కూర్చుంటుంది. తీగ బిగించే ఆదివారాలు ఒకటి పోతుంది, రెండు పోతాయి, ఆ తర్వాత ఎవరికి గుర్తుంటుంది? ఆ క్లిప్పులు ఊడదీసే దాకా లాక్కొద్దామనుకున్నాను. ఆ తర్వాత ఏమైతే అదవుతుందనుకున్నాను. ఇనుమంటే భయం కూడా ఉంది, లేదనను.

దాని నోట్లో చుట్ట పెట్టినందుకు నువ్వు ఎంత తిట్టినా పడతాను. కానీ ఒక్కటి విను. నాకు తెలిసిన నొప్పి మందు అదొక్కటే. నాకు అమ్మ ఇచ్చింది, నేను నా కూతురికి ఇచ్చాను. బిళ్ళలిస్తే సూరమ్మ మనవడిలా రక్తం మార్పించుకుంటూ తిరుగుతుందని భయపడి ఇచ్చాను. ప్రేమతోనే ఇచ్చాను మోహినీ.

ప్రవల్లికకి చెప్పనని నా తలమీద చెయ్యి పెట్టి అన్నావు. ఆ మాట నిలబెట్టుకో.

మీ అప్ప


టెక్కలి,
జనవరి ఆఖరు ఆదివారం.

అప్పా,

మాట నిలబెట్టుకున్నాను. ఎంత నీచంగా అనిపిస్తోందో నీకు చెప్పలేను.

ఈరోజు కూడా పిల్ల దగ్గర ఆ వాసన వచ్చింది. నువ్వు ఇవ్వడం మానేశావని నాకు తెలుసు. ఇప్పుడు అదే వెళ్ళి సూరమ్మ దగ్గర అడిగి తీసుకుంటోంది. నేను చెప్పినా, డాక్టరమ్మ ఫోటోలు చూపించి చెప్పినా, బుద్ధిగా తలూపుతుంది. బస్సెక్కి ఇంటికి పోయి మళ్ళీ నిప్పు నోట్లో పెట్టుకుంటుంది. ఎందుకు పెట్టుకోదు? "మా అమ్మ నేను పుట్టకముందునుంచీ తాగుతంది, ఏటయినాదీ?" అంది నాతో. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నీకిచ్చిన మాట కోసం.

అమ్మ సంగతి ఒకటి చెబుతాను, విను. అమ్మని విశాఖ తీసుకెళ్ళింది నేను. ఆ రోజుకే గంజి ముక్కులోంచి వచ్చేది. ఇనుము తగిలి పుండు పాకలేదప్పా. పాకిన తర్వాతే మనం ఇనుము దాకా వెళ్ళాం. నువ్వూ అదే చేస్తున్నావు.

నిన్ను ఆసుపత్రికి రమ్మని ఎన్నోసార్లు బతిమాలాను. ఇప్పుడు అది కాదు అడిగేది. నీ కూతురికి నోరు తెరిచి చూపించు. ఫోటో నమ్మదు, నన్ను నమ్మదు, నిన్ను నమ్ముతుంది. నీ నోటి కన్నా ముందు దాని నోరు మనకి కావాలి. నేను ఇంత కఠినంగా రాస్తున్నందుకు నన్ను తిట్టుకో, కానీ చూపించు.

మోహిని


అక్కుపల్లి,
ఫిబ్రవరి.

చెల్లీ,

చూపించాను.

నీ ఉత్తరం చదివి కొన్నాళ్ళు నిన్ను తిట్టుకున్నాను. తర్వాత ఒకరోజు పొద్దున్న చేపలు పరిచి లోపలికి వచ్చేసరికి, పిల్ల పొయ్యి దగ్గర కూర్చుని అగ్గిపుల్ల గీస్తోంది. నన్ను చూసి దాచలేదు కూడా. పొగ బయటికి రాకుండా చుట్ట లోపలికి తిప్పడం ఎంత ఒడుపుగా వచ్చేసిందో దానికి. నేను నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

దాని చెయ్యి పట్టుకుని పెరట్లో ఎండలోకి లాక్కొచ్చాను. నువ్విచ్చిన పుల్ల అద్దం దాని చేతికిచ్చాను. పీట మీద కూర్చుని గుడ్డపీలిక బయటికి తీసి, తల వెనక్కి వాల్చి నోరు తెరిచాను. దానికి మొదట అర్థం కాలేదు. "పన్ను నొప్పేటమ్మా?" అంది. చూడమని చేత్తో చూపించాను. అద్దం లోపల పెట్టింది. అద్దం నా పళ్ళకి తగిలి టకటకమంది.

"అమ్మా, ముక్కు కనబడతంది" అంది.

అంతే అంది. నేను నోరు మూయబోతే, మూయనివ్వలేదు. గడ్డం పట్టుకుని ఇంకోసారి చూసింది. తర్వాత పెరటి గోడవారకి పోయి వాంతి చేసుకుంది. తిరిగొచ్చి, "ఎన్నాళ్ళ నుంచి?" అంది. పీలిక లేని గొంతుతోనే చెప్పాను, ఇక దాచడానికి ఏముంది. నీ క్లిప్పులకి ముందునుంచి అన్నాను. నా గొంతు అసలు ఎలా ఉందో అప్పుడే విన్నది. సిగ్గేసింది చెల్లీ. మొగుడి దగ్గర కూడా అంత సిగ్గుపడలేదు.

సాయంత్రం నా పీలికలన్నీ ఏరి వేడినీళ్ళలో ఉడకబెట్టి ఆరేసింది. ఆరేస్తూ, "ఈ ఆదివారం పొద్దున్న బస్సుకి పిన్ని దగ్గరికి ఎల్దాం" అంది. నేను ఊఁ అన్నాను.

నా పొగాకు కట్టని సముద్రంలో పారేశానని రాయాలని ఉంది. పారెయ్యలేదు. నొప్పి అలాంటిది. దాని ఎదుట ముట్టించలేక పడవల చాటుకి పోయి ముట్టించాను. నా బతుక్కి ఇక అదొక్కటే మందు. నువ్వు నన్ను మానమని అడగకు. పిల్ల మాత్రం ఆ రోజునుంచి ముట్టలేదు.

సూరమ్మకీ చూపించాను, పిల్లకి ఇంకెప్పుడూ ఇవ్వకుండా. "అయ్యో తల్లీ, అయ్యో" అని గుండెలు బాదుకుంది. బాదుకుని, ఆ బాధ తీరడానికి అక్కడే కూర్చుని చుట్ట ముట్టించుకుంది.

నీ దగ్గరికి వచ్చే ముందురోజు రాస్తున్నాను. దీన్ని నా చేత్తోనే ఇస్తాను. ఎదురుగా ఉంటే మాట పెగలదు.

చిన్నమ్మి


విశాఖపట్నం,
మార్చి. ఆసుపత్రి వార్డు.

మోహినీ,

మీ బావ పక్క మంచంమీద నిద్రపోతున్నాడు. వేరావల్ నుంచి దిగినప్పటినుంచీ నా వైపు చూడడు, బజారుకి వెళ్ళి ఏవేవో పండ్లు కొనుక్కొస్తాడు. నేను తినలేనని మరిచిపోతాడు.

పెద్ద డాక్టర్లందరూ కలిసి చూశారు. కోయరట. కంటి కింద ఎముకదాకా వెళ్ళిపోయిందట. రేడియేషనట, కరెంటు పెడతారు, నొప్పి తగ్గడానికి, అంతే. ఇన్నాళ్ళూ ఇనుముకి భయపడి దాక్కున్నాను. ఇప్పుడు ఇనుమే నన్ను వద్దంటోంది.

పిల్లని ఆదివారం మానిపించకు. నా దగ్గర కూర్చుంటానంటే వినకు. తిట్టి పంపించు.

చిన్నమ్మి


టెక్కలి,
మే నెల.

అప్పా,

నువ్వు ఇంటికి చేరాక ఇది నీకు అందాలని పిల్ల చేతికే ఇస్తున్నాను. దాన్నే చదివి వినిపించమను, దాచేదేమీ లేదు.

ఈరోజు వసుంధర డాక్టరమ్మ ప్రవల్లిక అంగిలి చూసింది. ఎర్రచుక్కలు లేవు. మామూలు రంగుకి వచ్చేసింది. డాక్టరమ్మ రెండోసారి లైటు వేసి చూసి, "మీ అక్కకి చెప్పు" అంది. నేను చేతులు కడుక్కునే గదిలోకి పోయి ఏడ్చాను.

పై పళ్ళు చాలా లోపలికి వచ్చాయి. పెదాలు ఆనుతున్నాయి. అద్దంలో చూసుకుని నవ్వింది, తీగలతోనే. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఇంకా ఏడాది పట్టినా పట్టవచ్చు, కానీ నువ్వు చూడాలనుకున్నది ఇప్పుడే చూడవచ్చు. దాన్ని నవ్వమని అడుగు.

వచ్చే మంగళవారం వస్తాను. నా కోసం ఉండు అప్పా.

మోహిని


అక్కుపల్లి,
జూన్.

మోహిని పిన్నికి,

ప్రవల్లిక నమస్కారాలతో రాసేది. అమ్మ పెద్దకార్యానికి నువ్వు ఉండలేకపోయావు. మీ అత్తగారికి అలా ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎలా వస్తావు, నాకు అర్థమైంది. అమ్మ పోయిన రోజు నువ్వున్నావు, అది చాలు. కానీ నిన్న జరిగింది నీకు ఎవరో ఒకలా చెబుతారు. అందుకే ముందుగా నేనే రాస్తున్నాను.

నీ ఆఖరి ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. అమ్మ అప్పటికి మాట్లాడటం మానేసింది. చదవడం అయ్యాక వేలితో నా పై పెదవి ఎత్తి చూసింది. నేను నవ్వాను. నవ్వానని అనుకుంటున్నాను. ఏడుపో నవ్వో నాకే తెలియదు.

నిన్న ఒడ్డున అరిటాకులో అమ్మకి ఇష్టమైనవన్నీ పెట్టారు. అన్నం, చేపల పులుసు, జీడిపప్పు, బెల్లం. కాకి కోసం అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు. కాకి పడవ అంచుమీద కూర్చుంది గానీ ఆకు దగ్గరికి రాలేదు. చాలాసేపు చూశారు. అప్పుడు సూరమ్మ మామ్మ, "సుట్ట ఎట్టనేదు గదా, దానికి సుట్టంటే పేనం. అందుకే కాకి ముట్టట్లేదు" అంది. అందరూ అవునవునన్నారు. పోయినవాళ్ళకి ఇష్టమైంది పెట్టకపోతే కాకి రాదు, ఆత్మ ఇక్కడే తిరుగుతుంది అన్నారు. మామ్మ తన మూటలోంచి చుట్ట తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వే కూతురివి. నీ నోటితో ముట్టించి ఎట్టు. రెండు దమ్ములే" అంది.

పిన్నీ, నీకు ఒకటి చెప్పాలి. చుట్ట చేతిలోకి రాగానే నా నోట్లో నీళ్ళూరాయి. అమ్మ పోయిన దుఃఖంలో కూడా ఊరాయి. నామీద నాకే అసహ్యం వేసింది.

"నేను ముట్టించను" అన్నాను. మామ్మకి కోపం వచ్చింది. "తల్లిని ఆకలితో పంపేత్తావేటే?" అంది. నాన్న తల వంచుకుని కూర్చున్నవాడు లేచి అగ్గిపెట్టె తీశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "వద్దు నాన్నా. అమ్మ అంగిట్లోంచి నాకు ముక్కు కనబడినాది. ఇదే అమ్మని తినీసినాది. దీన్ని అమ్మకి ఎలా ఎడతాను?" అన్నాను. గట్టిగానే అన్నాను, అందరూ విన్నారు. నాన్న అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని ఏడ్చాడు. వేరావల్ నుంచి వచ్చాక ఆయన ఏడవడం అదే మొదటిసారి.

చుట్ట మామ్మకే తిరిగి ఇచ్చేశాను. ఆవిడ దాన్ని మూటలో కట్టుకుని వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేనూ నాన్నా పొద్దుగూకే దాకా కూర్చున్నాం. అల వచ్చి ఆకుని తీసుకుపోయింది. కాకి రాలేదు పిన్నీ.

అమ్మ ఆకలితోనే వెళ్ళిందని ఊరంతా అంటోంది. అది నిజమేమో అని నాకు చాలా భయంగా ఉంది. అయినా మళ్ళీ అడిగినా ముట్టించను.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. తీగ గట్టిగానే బిగించమని చెప్పు.

ప్రవల్లిక